అప్‌డేట్: మిచౌంగ్ తుపాను పెట్టుబడి రాయితీ, నాన్నగారి డబ్బులు పడ్డాయి

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు మా మూడెకరాల వరి నేలకొరిగింది. పంట నష్టపోయిన రైతులకు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ లబ్ధిదారుల జాబితాలో నాన్నగారి పేరుంది, ఊళ్లో అందరికీ డబ్బులు పడ్డాయి, మాకు మాత్రం పడలేదని ఇక్కడ అడిగాను. సమాధానం చెప్పిన అందరికీ ధన్యవాదాలు.

చివరికి తేలింది ఏమిటంటే, సమస్య ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందన్నదే. నాన్నగారు ఎప్పుడో తెరిచి వదిలేసిన ఒక పాత ఖాతాకే ఆధార్ లింకై ఉంది. ఆ ఖాతా పనిచేయడం లేదు, అందుకే డబ్బు వెనక్కి వెళ్లింది. ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' (ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో చూపేది) చూడమన్న సలహానే మమ్మల్ని గట్టెక్కించింది. ఇప్పుడు వాడుతున్న బ్యాంకుకు నాన్నగారిని తీసుకెళ్లి ఆధార్ సీడింగ్ ఫారం ఇచ్చాం. ఇక్కడ ఒక్క మాట: ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే రావాలని ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) నమోదు చేయించడం వేరు. కౌంటర్‌లో ఆ రెండోది అడిగి మరీ చేయించుకోండి. స్టేటస్ మారాక ఆ ప్రింటు వ్యవసాయ సహాయకుడికి ఇస్తే, ఫెయిలైన చెల్లింపుల్లో మాది మళ్లీ పంపించారు.

హెక్టారుకు 17,000 లెక్కన 20,600 పైచిలుకు పడింది. నాన్నగారు మెసేజ్ రెండుసార్లు చదివించుకున్నారు.

పట్టాదారు పాస్‌బుక్ మార్పించడం, ఈ-క్రాప్ (ఏ పొలంలో ఏ పంట వేశామో ప్రభుత్వం దగ్గర చేయించే నమోదు) మళ్లీ చేయించడం మా విషయంలో అవసరమే లేదు. ఈ-క్రాప్ మొదటి నుంచీ సరిగ్గానే ఉంది. పాస్‌బుక్ కోసం తిరిగిన నాలుగు రోజులూ వృథా.