ట్రూమన్ 1947 ప్రసంగమా, రేగన్ 1987 ప్రసంగమా: అమెరికా విదేశాంగ విధానాన్ని ఎక్కువ మార్చింది ఏది?

పాతపేపరు:
నా ఓటు ట్రూమన్‌కే. గ్రీస్, టర్కీలను ఇక మోయలేమని బ్రిటన్ 1947 ఫిబ్రవరిలో చేతులెత్తేసింది. మార్చి 12న ట్రూమన్ కాంగ్రెస్ ముందు నిలబడి ఆ రెండు దేశాలకు 40 కోట్ల డాలర్లు అడిగాడు. మే నెలకల్లా చట్టమైంది. డబ్బు అడిగింది ఇద్దరికి, మాట ఇచ్చింది మాత్రం ఒత్తిడికి ఎదురు నిలిచే స్వేచ్ఛా ప్రజలందరికీ. కమ్యూనిజాన్ని అడ్డుకోవాలంటూ ఆ 'అందరికీ' అన్న మాటే వియత్నాం యుద్ధం దాకా లాక్కెళ్ళింది. రేగన్ బెర్లిన్ గోడ ముందు నిలబడి సోవియట్ నాయకుణ్ణి ఉద్దేశించి 'గోర్బచేవ్ గారూ, ఈ గోడ పడగొట్టండి' అన్నది చప్పట్ల కోసం.

రాత్రిడ్యూటీ:
చప్పట్ల కోసమా? 1987 జూన్ 12న అన్నాడు, 1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంది. ఆ వాక్యం తీసేయమని విదేశాంగ శాఖ, జాతీయ భద్రతా మండలి వాళ్ళు గట్టిగా పట్టుబట్టారు. ఆయన వినలేదు. సొంత అధికారులే వద్దన్న మాట అన్నాడంటే అది విధానం కాక ఏంటండీ?

పాతపేపరు:
మధ్యలో రెండేళ్ళ ఐదు నెలలు ఉన్నాయి. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆ సాయంత్రం జరిగింది వేరు. తూర్పు జర్మనీ ప్రతినిధి షబోవ్‌స్కీ ప్రెస్‌మీట్‌లో కాగితం ముందుగా సరిగ్గా చదువుకోలేదు. పశ్చిమానికి ప్రయాణాలకు అనుమతి ఎప్పటినుంచి అని విలేకరి అడిగితే, కాగితాలు అటూ ఇటూ తిప్పి 'నాకు తెలిసినంతవరకు వెంటనే' అనేశాడు. జనం గేట్ల మీద పడ్డారు. అప్పటికి రేగన్ దిగిపోయి తొమ్మిది నెలలు దాటింది.

రాత్రిడ్యూటీ:
రెండేళ్ళ ఐదు నెలలు కాదు, రెండేళ్ళ నాలుగు నెలల 28 రోజులు. చరిత్ర చెప్పేముందు లెక్క సరిచూసుకోండి.

చింతచెట్టు:
మూడు రోజుల తేడాకి ఇంత గొడవా 🙏

దోసావకాయ:
కెన్నెడీని ఎవరూ తలవరేం? 1963 జూన్ 10న అమెరికన్ యూనివర్సిటీలో, మిగతావాళ్ళు చెయ్యనంతవరకు మేమూ వాతావరణంలో అణుపరీక్షలు చెయ్యం అన్నాడు. ఆగస్టు 5న మాస్కోలో ఆ పరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకాలు. సరిగ్గా ఎనిమిది వారాలు.

పాతపేపరు:
మాస్కోలో చర్చలు ఉంటాయని ఆ ప్రసంగంలోనే ప్రకటించాడు. పెళ్ళి కుదిరాకే కదా శుభలేఖ అచ్చు వేయించేది.

రాత్రిడ్యూటీ:
మరి బ్రిటన్ చేతులెత్తేశాక ట్రూమన్ చదివింది శుభలేఖ కాదా?

గల్ఫ్‌కొడుకు:
శుభలేఖలంట. 2002 జనవరి 29న బుష్ ఇరాక్, ఇరాన్, ఉత్తర కొరియాలను ఒక గాటన కట్టి దుష్టకూటమి అన్నాడు. మరుసటి ఏడాది మార్చిలో యుద్ధం. మా నాన్న అప్పుడు కువైట్‌లో డ్రైవరు. ఇరాక్ క్షిపణి ఒకటి రాత్రిపూట సముద్రం ఒడ్డున షాపింగ్ మాల్ పక్కన పడింది. ఫోన్‌లో ఉండగా సైరన్ మోగితే 'పెట్టేస్తాండా' అని పెట్టేసేవాడు. ఫోన్ మళ్ళీ మోగేదాకా అమ్మ దాని దగ్గర్నుంచి లేచేది కాదు. ఆ గొడవలోనే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మూడు నెలల జీతం ఎగ్గొట్టి పంపించేశాడు.

పాతపేపరు:
బాధ అర్థమైంది తమ్ముడూ, కానీ యుద్ధం తెచ్చింది ప్రసంగం కాదు. ఇరాక్ మీదికి వెళ్ళడానికి కారణం రెండు వాక్యాల్లో రాయమని ముందే ప్రసంగ రచయితకు చెప్పారు. 'ద్వేషపు కూటమి' అని అతను రాస్తే, పైవాళ్ళు 'దుష్ట' అని దిద్దారు. నిర్ణయం ముందు, మాట తర్వాత.

గల్ఫ్‌కొడుకు:
నాకు 44 ఏళ్ళు, తమ్ముడూ అనొద్దు. 2001 డిసెంబర్‌లో జర్మనీలోని బాన్ సమావేశంలో అఫ్గాన్ ప్రభుత్వం కోసం ఇరాన్ అమెరికాతో కలిసి పనిచేసింది. రెండు నెలలు తిరక్కుండా అదే ఇరాన్‌ని తీసుకెళ్ళి సద్దాం పక్కన నిలబెట్టారు. దాంతో టెహ్రాన్‌లో మాటలు కలుపుదామన్నవాళ్ళ నోరు పడిపోయింది. ఇది మాట చేసిన పని కాదా?

రాత్రిడ్యూటీ:
అదే నేనూ అడిగేది. ట్రూమన్ మాట వియత్నాం దాకా లాక్కెళ్తే, బుష్ మాట బాగ్దాద్ దాకా లాక్కెళ్ళదా? మీకు నచ్చినచోట మాటకు బలం, నచ్చనిచోట శుభలేఖ!

పాతపేపరు:
అరవకండి. ట్రూమన్ మాట తర్వాత వచ్చిన అధ్యక్షుల కాళ్ళకు బంధమైంది, వెనక్కి తగ్గితే పరువు పోతుందని. నేను ప్రభావం అంటున్నది దాన్ని. గల్ఫ్‌కొడుకు గారు అడుగుతున్నది పాపం ఎవరిదని. అది వేరే ప్రశ్న.

గల్ఫ్‌కొడుకు:
మీకు వేరే ప్రశ్న. నాకు మొదటినుంచీ అదే ప్రశ్న.

రాత్రిడ్యూటీ:
28 రోజుల సంగతి ఒప్పుకున్నట్టేనా?