హంటర్ రోడ్ జూకి పోయినం, ముట్టుకోనిస్తలేరని బాబు ఒకటే ఏడుపు

హన్మకొండ అమ్మ:
అందరికి నమస్తే. మా బాబుకు ఆరేండ్లు. పోయిన నెల ఒక ఎగ్జిబిషన్‌ల విదేశీ జంతువులు అని స్టాల్ పెడితే తీస్కపోయిన, అక్కడ పైసలు తీస్కొని ఇగ్వానా అని పెద్ద తొండ లెక్క ఉంటది, దాన్ని పిల్లల భుజం మీద పెట్టి ఫొటోలు తీస్తున్నరు, మావాడి భుజం మీద కూడ పెట్టిన్రు, అది కండ్లు మూసుకొని కదలకుండ కూసుంటే ఎంత బుద్ధిగ ఉందో అనుకున్న. అప్పటి సంది ఇంట్ల అదే ముచ్చట. సరే అని మొన్న ఆదివారం మా నాయినను కూడ తోల్కొని కాకతీయ జూకి పోయినం. ఈము పక్షి దగ్గరికి రాంగనే వీడు జాలీల చెయ్యి పెట్టబోయిండు, డ్యూటీల ఉన్నాయన "వద్దు బిడ్డా" అన్నడు, ఇగ చూడాలె ఏడుపు. ఏదీ సక్కగ చూడకుండనే బయటికొచ్చినం. ముట్టుకోకుంటే పిల్లలకు జూ ఎట్ల నచ్చుతది? మళ్ళ ఆ ఎగ్జిబిషన్‌కే తీస్కపోవాల్నా?

జువాలజీ సార్, కరీంనగర్:
చెల్లె, దయచేసి ఆ స్టాల్‌కు మాత్రం పోవద్దు. ఇగ్వానా కండ్లు మూసుకున్నదంటే దానికి నచ్చిందని కాదు, నన్ను ఇడిచిపెట్టున్రి అని. అది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్ల చెట్ల మీద ఆకులు తిని బతికే జీవి. దాని నెత్తి మీద చిన్న పొలుసు లెక్క ఇంకో కన్ను ఉంటది, దాంతోటి బొమ్మ కనపడదు గని వెలుగు, నీడ తెలుస్తది. పైనుంచి నీడ పడ్డదంటే దానికి గద్ద వచ్చినట్టే. ఇగ మనం నిమురుదామని చెయ్యి పెట్టేది పైనుంచే కదా, రోజుకు ఎంతమంది చేతులు పడుతున్నయో ఆలోచించు. మరీ భయపడితే తోక తెంచుకొని ఉరుకుతది. ఇంకోటి, తొండ జాతి, పాములు, తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటది, చిన్నపిల్లలకు విరేచనాలు, జ్వరం పట్టుకుంటయి. ముట్టుకుంటే సబ్బుతోటి చేతులు కడగాల్సిందే.

జనగామ రైతుబిడ్డ:
అక్కా, ఈము అన్నవు కాబట్టి రాస్తున్న. మా బాపు అప్పట్ల ఈములు పెంచిండు, ఈము పిల్లలను అమ్మినోళ్ళే మళ్ళ కొంటమని మాట ఇచ్చి ఫోన్ ఎత్తుడు బంద్ చేసిన్రు, మస్తు మునిగినం, దాణాకు పైసలు లేక బాపు రాత్రిళ్ళు నిద్రపోకపోయేది. అయినా ఆ పక్షి మీద నాకు కోపం లేదు, ఆస్ట్రేలియాది తెచ్చి మన దగ్గర పడేసిన్రు, దానిదేం తప్పు. ఒక చలికాలం మగది గుడ్ల మీద కూసున్నది. ఈములల్ల పొదిగేది మగదే, ఆడది గుడ్లు పెట్టి దాని దారిన అది పోతది. ముదురు ఆకుపచ్చ గుడ్లు, ఒక్కోటి అర కిలో పైనే. ఎనిమిది వారాలు కూసుంటది, మేత దాదాపు ముట్టదు, ఒంట్లున్న కొవ్వుతోటే గడుపుతది, లేచేది గుడ్లు తిప్పేందుకే. మా బాపు దాని ముంగట గిన్నెల నీళ్ళు పెట్టి "తాగు రా అయ్యా" అని బతిమిలాడేది, అది చూడనన్న చూడకపోయేది. పిల్లలు బయటికొస్తే ఒంటి మీద గీతలు, అచ్చం ఉడుత లెక్క. బాబుకు ఇవన్ని చెప్పి తీస్కపో. కాలికి ఎన్ని వేళ్ళో లెక్కపెట్టమను, ఈముకు మూడు, ఉష్ట్రపక్షికి రెండే.

పెద్దపల్లి వదిన:
పొద్దుగాల పో, ఎండ ఎక్కితే అన్ని నీడకు పంటయి. మొత్తం జూ తిప్పకు, రెండు మూడు చాలు, ఒక్కోదాని దగ్గర పావుగంట నిలబడున్రి. మా బిడ్డకు బొమ్మలు గీసే పుస్తకం ఇస్త, గీసుకుంట కూసుంటది. తినేవి ఏమీ వెయ్యొద్దు, 1972 వన్యప్రాణి చట్టంల 38జె సెక్షన్ ఉంది, జూల జంతువులకు తిండి పెట్టుడు, సతాయించుడు, లొల్లి చేసుడు అన్ని నేరమే.

హన్మకొండ అమ్మ:
అందరికి థాంక్స్. ఇగ్వానా సంగతి చదివి కండ్లల్ల నీళ్ళొచ్చినయి అన్నా, ఆ ఫొటో ఫోన్లకెల్లి తీసేసిన. ఇయ్యాల మళ్ళ పోయినం. ఈము దగ్గర అర్ధగంట. మూడు వేళ్ళు, మూడు వేళ్ళు అని మా నాయినకు నాలుగుసార్లు చూపెట్టిండు. అదే డ్యూటీ ఆయన ఊడిన ఈక ఒకటి తెచ్చి చూపించిండు, ఒక్క మొదలుకే రెండు ఈనెలు, రెండు ఈకలు కలిపి అతికించినట్టు ఉంది. బాబు దాన్ని చెంపకు ఆనించుకున్నడు, "ముసలమ్మ జుట్టు లెక్క ఉందే" అన్నడు, అని మళ్ళ ఆయనకే ఇచ్చేసిండు. బండి ఎక్కినంక అడుగుతున్నడు, మగది ఎనిమిది వారాలు తినకుంటే మరి దానికి అన్నం ఎవరు పెడ్తరు అని.