నీటిగుంట దగ్గర ఫొటోలకు కూర్చునేటప్పుడు బట్టలకు మనిషి వాసన లేకుండా ఏం చేస్తున్నారు?

పొదచాటు
అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఇది వేట గురించి కాదు, కెమెరా గురించి. వికారాబాద్ అవతల తెలిసినవాళ్ల పొలంలో చిన్న నీటిగుంట ఉంది. ఎండాకాలం చుట్టుపక్కల ఇంకెక్కడా నీళ్లుండవు కాబట్టి పొద్దుగూకే వేళకు గుంటనక్కలు, కుందేళ్లు, అడవి పందులు వస్తాయి, ఎప్పుడైనా నీల్గాయ్ కూడా. గట్టు పక్కన గ్రీన్ నెట్ కట్టుకుని లోపల స్టూలు వేసుకుని కూర్చుంటున్నా. కదలను, ఫోన్ ముట్టను, కెమెరా సైలెంట్ మోడ్‌లోనే. అయినా పందులు సగం దూరం వచ్చి, మూతి పైకెత్తి రెండుసార్లు గాలి పీల్చి, గుర్రుమని వెనక్కి తిరిగి పోతున్నాయి. నన్ను చూసి కాదు, వాసన పట్టే పోతున్నాయి, అందులో డౌట్ లేదు. మా ఇంట్లో బట్టలకు గులాబీ వాసన లిక్విడ్, దాని పైన కండిషనర్, బీరువా నిండా కలరా ఉండలు. అమెరికా వేటగాళ్ల వీడియోల్లో వాసన లేని సబ్బులు, స్ప్రేలు, బొగ్గు పొర ఉన్న సూట్లు చూపిస్తున్నారు, ఆ రేట్లు మనవల్ల కాదు. హైదరాబాద్‌లో దొరికేవాటితో ఎవరైనా చేసి చూశారా?

కాపలాదారు
టాపిక్ ఉంచుతున్నాం. కొత్తవాళ్లకు ఒక్క మాట: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు తుపాకుల ముచ్చట ఇక్కడ ఎత్తితే పోస్టు తీసేస్తాం. ఫొటోల వరకే మాట్లాడుకోండి.

డల్లాస్ బావ
మాది దిల్‌సుఖ్‌నగర్, ఉండేది టెక్సస్‌లో. ఇక్కడ లైసెన్స్ తీసుకుని జింకల వేటకు వెళ్లే కొలీగ్స్ ఉన్నారు, వాళ్లతో కూర్చుని చూశా, అది చెప్తా. వేట బట్టలు ఇంటి బట్టల్లో కలపరు. రంగూ వాసనా లేని సబ్బుతో విడిగా ఉతుకుతారు, అంతకు ముందు మెషీన్ ఖాళీగా ఒకసారి తిప్పుతారు, ఎందుకంటే పాత కండిషనర్ వాసన డ్రమ్ములో, తలుపు చుట్టూ ఉండే ఆ రబ్బరు అంచులో పట్టుకుని ఉంటుంది. ఆరుబయట తీగ మీద ఆరేసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టేస్తారు.

అసలు సంగతి ఆ తర్వాతే. ఆ బట్టలు ఇంట్లో వేసుకోరు. మామూలు బట్టల్లో డ్రైవ్ చేసి, బండి దిగాక అక్కడే మార్చుకుంటారు. నువ్వు పొద్దున్నే శుభ్రంగా ఉతికినవి వేసుకుని, దారిలో పెట్రోల్ కొట్టించి, చేవెళ్ల దగ్గర మిర్చి బజ్జీల బండి ముందు నిలబడ్డావంటే ఆ ఉతుకుడంతా గంగపాలు. బూట్లు కూడా రబ్బరువి వేస్తారు, తోలు, గుడ్డ బూట్లు చెమట పీల్చుకుని నడిచినంత మేరా వాసన వదులుతాయని.

బొగ్గు సూట్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకు. 2002లో ఇక్కడ ఒక పరిశోధనలో, మనుషుల్ని వెతికే కుక్కలతో టెస్ట్ చేశారు. కొందరికి ఆ సూట్లు వేసి దాచారు, కొందరికి మామూలు బట్టలు. కుక్కలు దాదాపు అందరినీ పట్టేశాయి, సూటు వల్ల పెద్ద తేడా రాలేదు. ఆ డబ్బులు లెన్సుకు పెట్టుకో.

ల్యాబ్‌కోటు
చెమట కంపు అంటాం గానీ అప్పుడే పట్టిన చెమటకు దాదాపు ఏ వాసనా ఉండదు. చంకల్లో ఉండే కోరినీబాక్టీరియం లాంటి బాక్టీరియా ఆ చెమటలో ఉన్నవాటిని విరగ్గొట్టి కొన్ని కొవ్వు ఆమ్లాలు, గంధకం ఉన్న సమ్మేళనాలు తయారుచేస్తాయి, కంపు వాటిది. అందుకని బట్ట ఏ నూలన్నది చాలా ముఖ్యం. 2014లో బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీవాళ్లు 26 మందితో సైకిల్ వ్యాయామం చేయించి వాళ్ల టీషర్టులు మర్నాడు వాసన చూపించారు. కాటన్ కంటే పాలిస్టర్ ఎక్కువ కంపు కొట్టింది, పాలిస్టర్ మీద మైక్రోకాకస్ అనే బాక్టీరియా బాగా పెరిగింది. ఆన్‌లైన్‌లో మనవాళ్లు కొనే ఆకుల డిజైన్ క్యామో టీషర్టులు చాలావరకు పాలిస్టరే. పొదచాటు గారూ, మీది కూడా అదేనా? దాని బదులు పాత ఖాకీ కాటన్ చొక్కా మేలు.

ఉతికాక ఆఖరి నీళ్లలో వంట సోడా ఒక గుప్పెడు వేయండి. కొవ్వు ఆమ్లాలు సోడాతో కలిసి లవణాలుగా మారతాయి, లవణాలు గాల్లోకి లేవవు, కాబట్టి వాసన తగ్గుతుంది. చాకలి సోడా వేరు, అది ఘాటు, చేతులు పగులుతాయి. వెనిగర్ కూడా కలిపితే డబుల్ పవర్ అని వీడియోల్లో చెప్తారు, వినకండి, సోడాను వెనిగర్ చంపేస్తుంది, బుడగలు తప్ప ఏమీ మిగలదు.

ఇంకోటి, వాసన కాదు గానీ బట్టల సబ్బు పొడి తెచ్చే తంటా. బట్టలు తెల్లగా మెరవడానికి సబ్బు పొడుల్లో ఒక రసాయనం కలుపుతారు, అది అల్ట్రావయొలెట్ కాంతిని తీసుకుని నీలంగా వెలుగుతుంది. గిట్టల జంతువులకు ఎరుపు సరిగా తెలియదు గానీ నీలం బాగా తెలుస్తుంది, జింకల కంట్లో మనకున్నట్టు ఆ కాంతిని ఆపే పొర కూడా లేదు. కోఠి గుజరాతీ గల్లీలో దొంగ నోట్లు చూసే చిన్న యూవీ టార్చ్ దొరుకుతుంది. చీకటి గదిలో మీ ప్యాంటు మీద వేసి చూడండి.

నల్లకుంట నానమ్మ
నాకు కెమెరాలు తెలియవు, మా మనవడు పిట్టల ఫొటోలకు అమీన్‌పూర్ చెరువు దగ్గరికి పోతాడు, వాడు ఈ చర్చ చూపించాడు. ఇంత కెమిస్ట్రీ ఎందుకు నాయనా, కుంకుడుకాయలు లేవా? పట్టుచీరలు మేం దేంతో ఉతికాం? కాయలు దంచి గింజలు తీసేసి, పెచ్చులు రాత్రంతా నానబెట్టండి. పొద్దున చేత్తో గట్టిగా పిసికి, పల్చటి పాత చీర ముక్కలో వడకట్టండి, పిప్పి కొంచెం కూడా దిగకూడదు, దిగితే బట్టకు అంటుకుని ఎండాక గోకాల్సి వస్తుంది. ఆ రసంలో బట్టలు నానబెట్టి, చల్లనీళ్లలో మూడు నాలుగుసార్లు జాడించండి. కుంకుడు వాసన మొదట ఉంటుంది, బాగా జాడించి మంచి ఎండలో వేస్తే పోతుంది. తెల్లబట్టలకు వద్దు, కాస్త గోధుమ రంగు తిరుగుతాయి. మీవి ఎలాగూ మట్టి రంగువే కదా.

ఆరేసేది వంటింటి బాల్కనీలో కాదు. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్లు ఇంగువ తాళింపు వేస్తే పైన నా చీరలు మూడో రోజు దాకా అదే వాసన.

పొదచాటు
అమ్మా, మీకు దండం. ల్యాబ్‌కోటు గారూ, కరెక్టే, ప్యూర్ పాలిస్టర్.

చార్మినార్ ఛోటూ
అత్తరు కొట్టుకుని పోతే ఏమైతది కాకా? జంతువులకు కూడా ఖుషీ అయితది కదా 😄

ల్యాబ్‌కోటు
నవ్వులాటకు అన్నా, అందులో నిజం ఉంది. కాల్విన్ క్లైన్ అబ్సెషన్ అనే సెంటు వాసనకు పెద్ద పులులు, జాగ్వార్లు దగ్గరకొచ్చి ఆ చోట ఒళ్లు రుద్దుకుంటాయి. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో చూశారు, తర్వాత అడవుల్లో కెమెరా ట్రాపుల దగ్గర కూడా చల్లారు. 2018లో మహారాష్ట్ర యవత్మాల్‌లో అవని అనే ఆడపులి కోసం వెతికినప్పుడు కూడా దాన్నే వాడారు. కాబట్టి ఛోటూ, పులులుండే అమ్రాబాద్ అడవికి పోయేటప్పుడు మాత్రం అత్తరు ఇంట్లో పెట్టి పో.

చేవెళ్ల పొలంగట్టు
మీరంతా మనిషి వాసన ఎట్ల పోగొట్టాలని తంటాలు పడుతుంటే మాకు నవ్వొస్తుంది. మేం దాని కోసమే డబ్బులు పెడుతున్నం. మక్కజొన్న, పల్లికాయ వేసినమంటే పందులు ఒక్క రాత్రిల ఎకరం దున్నిపోతయి. మా దిక్కు రైతులు మంగలి షాపుల నుంచి వెంట్రుకలు సంచుల కొద్దీ తెచ్చి గట్ల మీద చల్లుతరు. పంది నేల మూచూస్తూ వస్తది, వెంట్రుకలు ముక్కులకు పోతయి, మనిషి వాసనా తగుల్తది, వెనక్కి తిరుగుతది. పాత చీరలు కూడా కడతం. అయితే మొదట్ల బాగ పని చేస్తది, వాన పడ్డంక కొత్తవి చల్లాలె, చాలా రోజులైతే అలవాటు పడతయి. వాటికి వాసన ఒక్కటే కాదు, ఆ వాసన వెనక ప్రమాదం ఉందా లేదా అన్నది కూడా తెలుస్తది.

పొదచాటు అన్నా, ఆ పొలమాయన రోజూ వేసుకునే పాత చొక్కా ఒకటి అడిగి తీసుకో. ఆ వాసన ఆ జాగలో రోజూ ఉంటది, కొత్త కాదు. మీ గులాబీ లిక్విడే వాటికి కొత్త.

నల్లమల నడక
ఇంతసేపూ బట్టల గురించే మాట్లాడుతున్నారు, గాలి మాట ఎవరూ ఎత్తలేదు. వాసన బట్టల్లోంచే కాదు, ఊపిరిలోంచి, జుట్టులోంచి, రాలిపోయే చర్మం పొట్టులోంచి కూడా వస్తుంది, దాన్ని ఏ కుంకుడు రసమూ ఆపదు. గాలి మీ మీదుగా గుంట వైపు వీస్తుంటే స్నానం చేసి వచ్చినా వ్యర్థమే, గాలి గుంట మీదుగా మీ ముఖానికి తగులుతుంటే నిన్నటి చొక్కాతో కూర్చున్నా నడుస్తుంది. మన వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి గట్టిగా ఉంటుంది, అప్పుడు గుంటకు తూర్పున కూర్చోవాలి. చలికాలం చాలావరకు తూర్పు గాలి, అప్పుడు పడమర వైపు. ఒకే చోట నెట్ కట్టి ఏడాదంతా అక్కడే కూర్చుంటానంటే కుదరదు.

సాయంత్రం ఇంకో మెలిక ఉంది. ఎండ తగ్గాక నేల చల్లబడి, బరువెక్కిన గాలి నీళ్లలాగా పల్లానికి జారుతుంది. గుంట పల్లంలో, మీరు గట్టు మీద. అంటే పొద్దుగూకే సమయానికి, గాలి ఆగిపోయిందని మీరు అనుకున్నప్పుడు, మీ వాసన మెల్లగా సరిగ్గా గుంటలోకే దిగుతోంది. పందులు ఏ టైముకు వెనక్కి పోతున్నాయో గమనించారా?

గాలి చూడ్డానికి పౌడర్ వద్దు, దానికీ సెంటే. జిల్లేడు కాయ పండి పగిలినప్పుడు లోపలి దూది తీసి అగ్గిపెట్టెలో పెట్టుకోండి. ఒక్కో పోగు వదిలితే చాలా దూరం కంటికి కనబడుతూ పోతుంది, ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ కిందికి దిగుతుందో అన్నీ చూపిస్తుంది. అమెరికావాళ్లు కూడా అదే కుటుంబం మొక్క దూదిని దీనికే వాడతారు.

ఒక హెచ్చరిక. ఇదంతా పొలంలో, నెట్ వెనక కూర్చునేవాళ్లకు. నల్లమలలో గైడుతో నడిచేటప్పుడు, సలేశ్వరం జాతరకు పోయేటప్పుడు వాసన లేకుండా నడవాలని ఎవరూ అనుకోకండి. ఎలుగుబంటికి చూపు, వినికిడి అంతంత మాత్రం, అది ముక్కు మీదే బతుకుతుంది. చెదల పుట్ట తవ్వుతూ తల దించుకుని ఉన్నదానికి మీరు హఠాత్తుగా దగ్గర్లో ఎదురైతే అది పారిపోదు, మీద పడుతుంది. అక్కడ మాట్లాడుతూ నడవండి, మీరు వస్తున్నట్టు దానికి ముందే తెలియాలి.

కొంగకాలు
పిట్టలకు మాత్రం ఇదేదీ అక్కర్లేదు, మీరు బిర్యానీ తిని వచ్చినా కొంగ పట్టించుకోదు. వాటికి కదలిక, రంగు. నానమ్మ గారి మనవడికి చెప్పండి, ముందు ఆ తెల్ల టోపీ తీసేయమని.

నల్లకుంట నానమ్మ
తెల్ల టోపీ సంగతి మీకెలా తెలిసింది?!

కొంగకాలు
అమ్మా, అమీన్‌పూర్ కట్ట మీద తెల్ల టోపీ లేనివాళ్లు ఎవరున్నారు.

పొదచాటు
అప్‌డేట్. యూవీ టార్చ్ తెచ్చి లైట్లు ఆపి చూశాను. క్యామో ప్యాంటు మోకాళ్ల నుంచి కింద దాకా నీలంగా వెలుగుతోంది, కుట్ల దగ్గర ఇంకా ఎక్కువ, జేబు అంచు గీత గీసినట్టు కనబడింది. పొలమాయన ఇచ్చిన చొక్కా మీద వేస్తే ఏమీ లేదు, ఒక్క కాలర్ దగ్గర మసగ్గా. ఆయన బట్టల సబ్బు బిళ్లతోనే ఉతుకుతారట.

జిల్లేడు దూది నల్లమల అన్న చెప్పినట్టే చేసింది. ఐదింటికి నా వెనక్కి పోయిన పోగు, సూర్యుడు దిగాక చేతిలోంచి వదిలితే కాసేపు అక్కడే తిరిగి, గట్టు వాలు పట్టుకుని నీళ్ల మీదికి పోయి వాలింది. నెట్ విప్పేసి అవతల, వాగు వైపు కింద కట్టాను. చొక్కా ఆయనదే, ప్యాంటు కుంకుడు రసంలో ఉతికిన పాత ఖాకీ, అక్కడికి వెళ్లాకే మార్చుకున్నా. నిన్న గుంటనక్క నీళ్లు తాగి, కూర్చుని కాలు గోక్కుని మరీ పోయింది. పందులు కూడా దిగాయి గానీ అప్పటికి వెలుతురు లేదు, ఫొటోలన్నీ గ్రెయిన్సే.

ఒక్కటే సమస్య మిగిలింది, దోమలు. కింద వాగు దగ్గర పీక్కు తింటున్నాయి. దోమల క్రీము రాసుకుంటే ఆ వాసన ఇంకా ఘోరం కదా?

నల్లమల నడక
క్రీము వద్దు. లోపల పొడుగు చేతుల బనియన్, ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, పిడుదులు కూడా ఎక్కవు. తలకు తేనె తీసేవాళ్లు వేసుకునే వల టోపీ దొరుకుతుంది, ఆకుపచ్చది తీసుకోండి. వాడే ముందు అది కూడా ఉతకండి, కొత్త వలకు ప్లాస్టిక్ కంపు ఉంటుంది.

చేవెళ్ల పొలంగట్టు
గింతకీ ఆ పందులు ఏ దిక్కు నుంచి వస్తున్నయో కొంచెం రాసి పెట్టు అన్నా. మా పల్లికాయ ఆ వాగు అవతలనే ఉన్నది.