పికప్ హౌసింగ్‌కు అల్యూమినియం కవర్: దండగా, దన్నా?

తాడిపత్రి లోడు:
అన్నలూ, ఒక మాట తేల్చండి. నాది ఏడేళ్ల పికప్. తాడిపత్రిలో బండలు ఎత్తుకొని కడప, అక్కడి నుంచి గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి వైపు పోతుంటా. వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌కు, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే గుండుకు, చుట్టూ బోల్టులున్న రేకు కవర్ ఉంది. దాని అంచున ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఆటోనగర్‌లో చూపించినా. అక్కడ ఒక స్పేర్ పార్టుల షాపాయన, ఆ రేకు తీసిపారేసి గీతలున్న లావు అల్యూమినియం కవర్ వేసుకో, ఆయిల్ చల్లగా ఉంటుంది, లోపలి క్రౌన్ పినియన్ గేర్లు రెండింతలు బతుకుతాయి అన్నాడు. బిగింపుతో కలిపి 9 వేలట. ఆ కవర్ వేసిన బండి ఒకటి అప్పుడే లోడు దించి వస్తే, టెంపరేచర్ గన్ పెట్టి నా బండి కన్నా 20 డిగ్రీలు తక్కువని చూపించినాడు కూడా. మా నాయనేమో "కంపెనీవాడికి తెలీదా, నీకే తెలిసిందా" అంటున్నాడు. వేయాలా, వద్దా?

ఘాట్ రోడ్ 40:
వేసెయ్ అబ్బీ, ఆలోచించేదేం లేదు. నాదీ రాయచోటి లైనే, వేసి చాలా కాలమైంది. నీ రేకు కవర్‌కు కింద డ్రెయిన్ ప్లగ్గు ఉందా? ఉండి ఉండదు. ఆయిల్ మార్చాలంటే కవర్ మొత్తం విప్పాలి, లేదంటే పోసే రంధ్రంలో పైపు పెట్టి లాగాలి. లాగితే పైపైన ఉన్న ఆయిల్ వస్తుంది, అడుగు మడ్డి అక్కడే ఉంటుంది. ఈ తలనొప్పికే మనోళ్లు ఏళ్ల తరబడి క్రౌన్ ఆయిల్ జోలికి పోరు. కొత్త కవర్‌కు డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది, దానికి అయస్కాంతం ఉంటుంది, ఇనుప పొడి దానికి పట్టుకుంటుంది. ఆయిల్ కూడా కాస్త ఎక్కువ పడుతుంది. రాయి గట్టిగా తగిలితే రేకు లోపలికి సొట్టపడి క్రౌన్ వీల్‌కు రాసుకుంటుంది, దీనికి ఆ భయం లేదు.

అమెరికాలో ర్యామ్ హెవీ డ్యూటీ పికప్‌లకు కంపెనీ నుంచే గీతల అల్యూమినియం కవర్ వస్తుంది. మీ నాయనకు చెప్పు, కంపెనీవాడికి తెలుసు కాబట్టే వేశాడని.

పాత జీపు, కర్నూలు:
ఆగండి, ఆగండి. ఇది చదివి ఇంకెవరైనా ఆర్డర్ పెట్టేలోపు బండి కిందికి దూరి చూడమనండి. హౌసింగులు రెండు రకాలు. ఒకదానిలో క్రౌన్ పినియన్ హౌసింగ్‌లోనే కూర్చుని ఉంటుంది, వెనక కవర్ విప్పితే పళ్లు కనిపిస్తాయి. రెండో రకానికి వెనక గుండ్రంగా మూసేసి ఉంటుంది. బోల్టులు ముందు వైపు, ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర ఉంటాయి, లోపలి సామాను మొత్తం ముందుకే ఊడి వస్తుంది. టొయోటా హైలక్స్ వెనక యాక్సిల్ ఈ రెండో రకమే. దానికి విప్పే కవరే లేదు, ఇక మార్చేదేముంది!

తాడిపత్రి తమ్ముడిది మొదటి రకం, సరే. మా పాత మహీంద్రా జీపుల వెనక యాక్సిల్ డానా 44 రకం, 10 బోల్టుల కవర్. అమెరికన్ జీపులకూ అదే యాక్సిల్ ఉండబట్టి దానికి రకరకాల కవర్లు దొరుకుతాయి. మిగతా బండ్లకు "అన్నిటికీ సరిపోతుంది" అని అమ్మితే నమ్మొద్దు. బోల్టు రంధ్రాలు అట్ట మీద గీసుకొని పోయి, కొత్త కవర్ మీద పెట్టి చూసుకోండి.

ఇంకోటి ఎవరూ చెప్పరు. పికప్‌కు స్టెపినీ ఎక్కడ వేలాడుతుంది? యాక్సిల్ వెనకే. లోడు పడి కమాన్లు అణిగినప్పుడు హౌసింగ్ పైకి లేస్తుంది. లావు కవర్ వెనక్కి పొడుచుకొచ్చి ఉంటే పోయి స్టెపినీని గుద్దుతుంది. కొన్ని బండ్లలో బ్రేక్ పైపు క్లిప్పు కవర్ బోల్టుకే ఉంటుంది, దాన్నెక్కడ పెడతారో కూడా షాపాయన్ని అడుగు.

గేర్ ఆయిల్, అనంతపురం:
ఆ 20 డిగ్రీల సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఈ గన్ ట్రిక్కు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. షాపాయన కావాలని చేశాడని కాదు, ఆయనకీ తెలిసి ఉండదు.

టెంపరేచర్ గన్ వస్తువును తాకదు. దాని మీది నుంచి వచ్చే వేడి కిరణాలను కొలిచి లెక్కగడుతుంది. మట్టి, నల్లరంగు, తుప్పు పట్టిన ఇనుము నుంచి ఆ కిరణాలు బాగా వస్తాయి. మెరిసే అల్యూమినియం ఎంత కాలినా చాలా తక్కువ వదులుతుంది. అందుకే రెండూ ఒకే వేడిలో ఉన్నా గన్ అల్యూమినియం మీద తక్కువ చూపిస్తుంది. నమ్మకపోతే ఇంట్లో మెరిసే అల్యూమినియం గిన్నెలో నీళ్లు మరగబెట్టి, గిన్నె పక్కకు గన్ పెట్టి చూడండి. లోపల నీళ్లు తెర్లుతుంటాయి, గన్ మాత్రం 100కు ఎంతో కింద చూపిస్తుంది. సరిగ్గా కొలవాలంటే రెండు కవర్ల మీదా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, ఒకే లోడుతో ఒకే దారిలో తిప్పి, ఆ టేపు మీద కొలవాలి. షాపులో ఆయన కొలిచింది రెండు వేరే బండ్లను, ఒకటి లోడు దించేసి వచ్చినదాన్ని. అది కొలతేనా?

అల్యూమినియం ఉక్కు కన్నా సుమారు మూడు రెట్లు బాగా వేడిని పంపుతుంది, నిజమే. కానీ రేకు కవర్ మందం ఎంత? అంత పలుచని రేకును దాటడానికి వేడికి అడ్డేముంది? కష్టమంతా కవర్ మీది నుంచి గాలిలోకి పోవడంలోనే. గీతలు పనిచేసేది అక్కడే, అదీ గాలి తగిలితేనే. హైవే మీద 80లో పోతే కొంత తగులుతుంది. గువ్వలచెరువు ఎక్కేటప్పుడు సెకండ్ గేరులో పాకుతుంటే ఏం గాలి? పైగా మన దారుల్లో ఎర్రమట్టి, బండల పొడి కలిసి ఆ గీతల మధ్య పేరుకుంటాయి. ఆ అమెరికా ర్యామ్ బండ్లు పెద్ద ట్రైలర్ తగిలించుకుని హైవే మీద గంటలకొద్దీ వేగంగా పోతాయి. ఆ పని వేరు, మన పని వేరు.

ఘాట్ రోడ్ 40:
గన్ మాట వదిలేద్దాం అన్నా, ఒప్పుకుంటా. ఆయిల్ ఎక్కువ పడితే చల్లగా ఉండదా మరి?

గేర్ ఆయిల్, అనంతపురం:
వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంతే. రోజంతా తిరిగే బండికి చివరికి దాదాపు అదే వేడికి చేరుతుంది. ఎక్కువ ఆయిల్ ఉంటే మడ్డి పలచబడుతుంది, ఆ లాభం కాదనను. కానీ కొత్త కవర్‌లో పోసే రంధ్రం పాతదానికన్నా పైన ఉంటే, అక్కడిదాకా నింపితే లెవెల్ పెరిగిపోతుంది. అప్పుడు క్రౌన్ వీల్ ఆయిల్‌ను అనవసరంగా చిలుకుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది, గాలి పోయే బ్రీదర్‌లోంచో సీల్‌లోంచో బయటికి తంతుంది.

కవర్ లోపలి ఆకారం కూడా చూడాలి. అమెరికాలో గేల్ బ్యాంక్స్ అనే ఇంజనీరు పరీక్షలు చేసి, వెనక గోడ బల్లపరుపుగా ఉన్న కవర్లు మంచివి కావన్నాడు. క్రౌన్ వీల్ విసిరిన ఆయిల్ గుండ్రటి కవర్‌లో గోడ వెంబడి జారి తిరిగొస్తుంది, బల్లపరుపు గోడకైతే కొట్టుకుని నురగ లేస్తుందని ఆయన వాదన. ఆయన కంపెనీ కూడా కవర్లు అమ్ముతుంది, కాబట్టి కాస్త అనుమానంగానే వినండి. అయినా ఆ పాయింటులో పస ఉంది. షాపాయన చూపించిన కవర్ లోపల ఎట్లా ఉంది తమ్ముడూ?

తాడిపత్రి లోడు:
లోపల చూడలేదన్నా. బయట బాక్సు మాదిరి ఉంది.

బేతంచెర్ల:
అందరూ కవర్ లోపల, కవర్ బయట అంటున్నారు. ఆ కవర్ మీద ఎంత బరువుందో ఎవరూ అడగరేం? తమ్ముడూ, ట్రిప్పుకు ఎన్ని చదరపు అడుగుల బండ వేస్తావు?

తాడిపత్రి లోడు:
500. ఒక్కోసారి కొంచెం ఎక్కువ. 20 ఎంఎం బండ.

బేతంచెర్ల:
20 ఎంఎం బండ చదరపు అడుగు సుమారు 5 కిలోలు తూగుతుంది. 500 అడుగులంటే రెండున్నర టన్నులు. నీ బండి పేపర్లో పేలోడ్ ఎంత రాశారో చూసుకో, మన పికప్‌లకు టన్నున్నర అటూ ఇటే కదా. క్రౌన్ పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరిగే రకం. బరువు పెరిగిన కొద్దీ ఆ పళ్ల మధ్య ఆయిల్ పొర నలిగిపోతుంది. నువ్వు ఏ లోహం కవర్ వేసినా ఆ పొరకు తెలీదు.

తాడిపత్రి లోడు:
అన్నా, 300 అడుగులు వేస్తే డీజిల్ డబ్బులు కూడా రావు. పక్క బండివాడు 600 వేస్తాడు. కిరాయి వాడికే పోతుంది. ఈఎంఐ టెన్షన్ నీకు తెలియనిదా?

బేతంచెర్ల:
తెలుసు. నేనూ వేసినోణ్ణే. వేయొద్దని చెప్పే అర్హత నాకు లేదు. పినియన్ బేరింగు పోతే మాత్రం తప్పు కవర్ మీదికి తోయొద్దు, అంతే.

చీనీ మండీ:
వారంటీలో ఉన్న బండ్లవాళ్లు అయితే సర్వీస్ సెంటర్‌ను అడక్కుండా ముట్టుకోవద్దు. నీది ఏడేళ్లది కాబట్టి నీకా బాధ లేదు. ఆయిల్ కారుతూ ఎఫ్‌సీకి, అదే ఫిట్‌నెస్ పరీక్షకు, పోతే మాత్రం ఇబ్బందే.

గ్రీజు చేతులు, కడప:
నా గ్యారేజీకి ఇట్లాంటి బండ్లు వస్తుంటాయి కాబట్టి చెప్తున్నా. ఇక్కడ ఎవరూ అసలు జబ్బు చూడలేదు. కవర్ అంచున చెమ్మ అన్నాడు గదా పిల్లోడు. ముందు బ్రీదర్ చూడు. హౌసింగ్ పైన ఉంటుంది, చిన్న టోపీ మాదిరి, లేదంటే రబ్బరు పైపు. ఆయిల్ కాగితే లోపల గాలి ఉబ్బుతుంది, అది అక్కడి నుంచే పోవాలి. మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడి కవర్ ప్యాకింగ్‌ను, యాక్సిల్ సీల్‌ను తోస్తుంది. యాక్సిల్ సీల్ కారితే ఆయిల్ బ్రేక్ లైనర్ల మీద పడుతుంది. ఘాట్ దిగేటప్పుడు అది జరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఏ కవర్ వేసినా బిగించేది తెలియాలి. ఆయిల్ దించకముందే పోసే ప్లగ్గు విప్పి చూసుకో. అది పట్టేసి రాకపోతే ఖాళీ హౌసింగ్‌తో రోడ్డున పడతావు. రెండు ముఖాలూ పాత సిలికాన్ లేకుండా గీకి, పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. సిలికాన్ ఒకటే తాడులాగా, తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి పక్కగా తిప్పాలి. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. స్పానర్‌కు పైపు తగిలించి బిగించే అలవాటు ఉంది మనోళ్లకు. రేకు కవర్ అయితే రంధ్రాల చుట్టూ గుంటలు పడి, మధ్యలో లేచి అక్కడే కారుతుంది. అల్యూమినియం అయితే చిట్లుతుంది, లేదా ప్లగ్గు మరలు పోతాయి. తర్వాత డబ్బా మీద రాసినంత సేపు సిలికాన్ ఆరనిచ్చి ఆయిల్ పోయాలి. బండి చదునుగా నిలబెట్టి, పాత రంధ్రం కింది అంచు లెవెల్ దాకా. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాస్తే అది, గేర్ ఆయిల్ డబ్బా మీద జీఎల్-5 అని కచ్చితంగా ఉండాలి.

విప్పినప్పుడు అడుగున వేలు పెట్టి చూడు. బూడిదరంగు పేస్టు మెత్తగా ఉంటే అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు వస్తే కవర్ మాట పక్కనపెట్టి బేరింగులు చూపించు. ఆయిల్ పాల రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టు.

తాడిపత్రి లోడు:
పొద్దున చూసినా. బ్రీదర్ టోపీ మట్టితో బిగుసుకుపోయి ఉంది, తిప్పితే తిరగడంలేదు. మరి డ్రెయిన్ ప్లగ్గు సంగతి? ఘాట్ రోడ్ అన్న చెప్పిన ఆ సౌకర్యం మాత్రం నాకు కావాలి.

పాత జీపు, కర్నూలు:
దానికి 9 వేలెందుకు? నీ పాత రేకు కవర్‌కే లేత్ షాపులో మరలున్న దళసరి నట్టు ఒకటి తిప్పించి, కింది వైపు రంధ్రం చేసి వెల్డింగ్ పెట్టించు. అయస్కాంతం ఉన్న ప్లగ్గులు విడిగా దొరుకుతాయి. మరీ అడుగున పెడితే రాళ్లు తగులుతాయి, కొంచెం పైకి పెట్టమను.

ఘాట్ రోడ్ 40:
పలుచని రేకు మీద వెల్డింగ్ పెడితే అంచు వంకర పోతుంది, పాత జీపు అన్నా. ఆ తర్వాత ఎంత సిలికాన్ పూసినా కారుతుంది. అందుకే నేను రెడీమేడ్ కవర్ అంటున్నా. వేడి సంగతిలో మీరు గెలిచారు, ఈ సంగతిలో నేను తగ్గను.

గ్రీజు చేతులు, కడప:
వంకర పోతుంది, నిజమే, వెల్డింగాయన ఒకేసారి లాగించేస్తే. కవర్‌ను విడిగా పాత హౌసింగ్‌కో, మందమైన ప్లేటుకో బోల్టులతో బిగించి, ఆగి ఆగి చుక్కలు చుక్కలుగా పెట్టించు. చల్లారినాక విప్పి, అద్దం పలక మీద బోర్లించి చుట్టూ ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పలుచని రేకు, దూర్చి చూడు. ఎక్కడైనా దూరితే చదును చేయించు. ప్లగ్గు బిగించి, లోపల కిరోసిన్ పోసి రాత్రంతా పెట్టు. తెల్లారి బయట తడి లేకుంటే అప్పుడు బండికి ఎక్కించు.