రిసీవర్ ఉండగా మళ్ళీ పవర్ యాంప్ ఎందుకండీ?

భీమవరంకుర్రోడు: మేడ మీద రూమ్ 12 బై 16, 5.1 హోమ్ థియేటర్ సెట్టు (5 స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్), స్పీకర్లు 8 ఓమ్స్, 90 డీబీ (డెసిబెల్స్) సెన్సిటివిటీ, వాటిని నడిపే రిసీవర్ మీద చానెల్‌కి 80 వాట్స్ అని ఉందండి. షాపాయన విడిగా పవర్ యాంప్ (స్పీకర్లకి ఎక్కువ పవర్ ఇచ్చే డబ్బా) లేకపోతే దమ్ము రాదంటున్నాడు, నిజమేనా లేక రొయ్యల రేటు బాగుందని మనకి అంటగడుతున్నాడా?

పాలకొల్లుసౌండు: ఆయ్, అక్కర్లేదండి. 90 డీబీ అంటే 1 వాట్‌కి 1 మీటర్ దూరంలో వచ్చే సౌండు, మీరు 3 మీటర్ల అవతల కూర్చున్నా 80 డీబీ దాకా వస్తది, 64 వాట్స్ ఇస్తే ఇంకో 18 కలిసి 98, ఇంట్లోవాళ్ళు కర్ర పట్టుకుని పైకొస్తారు. మీ 80కి రెట్టింపు 160 వాట్స్ యాంప్ పెట్టినా పెరిగేది 3 డీబీయే.

కోనసీమబేస్: ఒక్క మాట, ఆ 80 వాట్స్ మామూలుగా 2 చానెల్స్ నడిపి కొలిచిందండి, 5 కలిసి మోగితే అంత రాదు. అయినా 80 హెర్ట్జ్ కింద బేస్ (లోతు సౌండు) సబ్‌ఊఫర్‌కి పంపేయండి, దానికి సొంత యాంప్ ఉంటది కదా, రిసీవర్‌కి చాలా బరువు తగ్గుద్ది. ఎక్కువ కరెంటు లాగే 4 ఓమ్స్ స్పీకర్లో పెద్ద హాలో అయితే ఆలోచించాలి, అదీ రిసీవర్ వెనకాల ప్రీ అవుట్లు (బయటి యాంప్‌కి సిగ్నల్ ఇచ్చే సాకెట్లు) ఉంటేనే.

భీమవరంకుర్రోడు: సబ్‌కి ఒక్కటే ఉందండి, మిగతా చానెల్స్‌కి లేవు. షాపాయన ఆ ముక్కే ఎత్తలేదు!

పాలకొల్లుసౌండు: మరింకేం, ముందు మంచి స్టెబిలైజర్ కొనండి, సాయంత్రం రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు) ఆన్ చేస్తే మా వైపు లైట్లే మిణుకుమంటాయి.