కచేరీల కోసం ఊరు వదిలినవారికి ఒక ప్రశ్న

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. పక్కవాద్యంగా వయొలిన్ వాయించాలని పదకొండేళ్ల కిందట చెన్నై చేరాను. మార్గశిరంలో అక్కడ సభలన్నీ కచేరీలతో నిండిపోతాయి కనుక, ఒక్క పిలుపు కాదంటే మరుసటి ఏడాది ఆ స్థానంలో మరొకరు కూర్చుంటారన్న భయంతో, నాన్నగారు మంచం పట్టారని తెలిసినా వారం రోజులు ఆగి బయలుదేరాను. పాలకొల్లులో దిగి చించినాడ వంతెన మీద ఉండగానే ఫోను వచ్చింది. ఇప్పుడు అమ్మ ఒక్కతే ఉంటోంది. తిరిగి వచ్చేస్తే ఇన్నేళ్ల సాధన ఏమవుతుంది?

అమలాపురం నుంచి ఒక సంగీతం మాస్టారు: బాబూ, కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు కూడా చివరికి చెన్నైలోనే స్థిరపడ్డారు. ఇక్కడ నవరాత్రులకూ, త్యాగరాజ ఆరాధనకూ తప్ప పిలిచేవారు తక్కువ. నేను ఉండిపోయాను, పాఠాలతో ఇల్లు గడిచింది కానీ, రేడియోలో తోటివాళ్ల కచేరీ వస్తే ఇప్పటికీ కట్టేస్తాను.

కాకినాడ నుంచి ఒక గృహిణి: మా ఆయనది మృదంగం. పాప పుట్టిన రోజున ఆయన వేరే ఊళ్లో కచేరీలో ఉన్నారు. మూడో నెలలో వచ్చి ఎత్తుకుంటే, కాయలు కాచిన ఆ వేళ్లు గీసుకుని పాప ఏడ్చింది. మీ ప్రశ్నలో సాధన ఉంది, అమ్మగారున్నారు. మీ భార్యాపిల్లల మాట ఎక్కడా లేదేమండీ?

ప్రశ్న వేసినవారు: పెళ్లి కాలేదండీ. రెండుసార్లు ముహూర్తాలు డిసెంబరులోనే కుదిరాయి.