ఆదివారం స్నో: ఒక మ్యాప్‌లో 14 అంగుళాలు, ఇంకో మ్యాప్‌లో 2. ఏది పట్టుకోవాలి?

పెరుగన్నం (ఎడిసన్, న్యూజెర్సీ), బుధవారం రాత్రి

ఆదివారం మధ్యాహ్నం బ్రిడ్జ్‌వాటర్‌లో సంక్రాంతి సంబరాలు పెట్టుకున్నాం. సుమారు 180 మంది. మన్రో, ప్రిన్స్‌టన్, జెర్సీ సిటీల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. కేటరర్‌కి శుక్రవారం సాయంత్రంలోగా ఉందో లేదో తేల్చి చెప్పాలి.

వాట్సాప్ గ్రూపులో పొద్దుట్నుంచీ మ్యాపులే మ్యాపులు. ఎవరో పెట్టిన యూరో (యూరప్ వాళ్ల వాతావరణ కంప్యూటర్ మోడల్) మ్యాప్‌లో ఎడిసన్ మీద 14 అంగుళాలు. జీఎఫ్ఎస్‌ (అమెరికా మోడల్)లో 2, అదీ వాన కలిసి. ఫోన్ యాప్ పొద్దున 5–8 అంది, ఇప్పుడు 1–3 అంటోంది. ఇంత తేడా ఎందుకు వస్తుంది? శుక్రవారానికి ఏదైనా తేలుతుందా? తేలితే ఏం చూసి తేల్చుకోవాలి? మోడళ్లు చూడటం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

తూర్పుగాలి

ముందు ఆ 14ని పక్కన పెట్టండి. అది ఎక్కువా తక్కువా అనేది తర్వాత సంగతి, అసలు ఆ అంకె ఎలా పుట్టిందో చూడండి. గ్రూపుల్లో తిరిగే మ్యాపుల్లో చాలావరకు 10:1 మ్యాపులు. గడ్డకట్టి పడుతుందని మోడల్ అన్న నీటిని పదితో గుణించేస్తారు. 1.4 అంగుళాల నీరు ఉంటే 14 అంగుళాల స్నో. కొన్ని సైట్లు స్లీట్‌ని, అంటే దారిలోనే గడ్డకట్టి పడే వాన చినుకుల్ని కూడా ఇందులో కలిపేస్తాయి. ఆ 1.4లో 0.6 స్లీట్‌గా పడిందనుకోండి. స్లీట్ అంగుళం నీటికి రెండు మూడు అంగుళాలకు మించి పేరుకోదు. మిగతా 0.8 కూడా మన దగ్గర 9:1 దాకా వస్తే అదే గొప్ప. కలిపితే ఎనిమిది, తొమ్మిది. మోడల్ అక్షరాలా నిజమైనా నేల మీద 14 ఉండదన్నమాట.

కుచెరా మ్యాప్ దీనికన్నా కాస్త నయం. నేల నుంచి 500 మిల్లీబార్ల పీడనం ఉండే ఎత్తు (సుమారు ఐదున్నర కిలోమీటర్లు) వరకు గాలి పొరల్లో అన్నిటికంటే వెచ్చని చోటు ఎంత ఉందో చూసి నిష్పత్తి మారుస్తుంది. అది సున్నా సెల్సియస్ అయితే 8:1, మైనస్ 5 అయితే 15:1. కానీ పడ్డది పడ్డట్టు తడి రోడ్డు మీద కరిగిపోయే సంగతి దానికీ పట్టదు.

ఇక అసలు విషయం. న్యూజెర్సీలో తీరం వెంట వచ్చే తుఫానుకి రెండు చూడాలి: అల్పపీడన కేంద్రం ఎక్కడి నుంచి వెళ్తుంది, ఉత్తరాన కెనడాలోని క్యుబెక్ మీద ఉన్న అధిక పీడనం (హై) కదలకుండా ఉంటుందా. కేంద్రం 40 ఉత్తర అక్షాంశం, 70 పశ్చిమ రేఖాంశం దగ్గర, అంటే మసాచుసెట్స్ తీరంలోని నాంటకెట్ దీవికి దక్షిణంగా పోతే మనకి మంచి స్నో. దీన్నే బెంచ్‌మార్క్ అంటారు. అంతకంటే బాగా లోపలికి, తీరాన్ని రాసుకుంటూ పోతే గాలి తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి వీస్తుంది. జనవరిలో కూడా సముద్రం 40 ఫారెన్‌హీట్ అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఆ గాలి కింది పొరని వేడెక్కించి ఎడిసన్‌కి వాన తెస్తుంది. బాగా బయటికి పోతే ఒట్టి మబ్బు. క్యుబెక్ మీది హై 1040 మిల్లీబార్లతో కూర్చుంటే ఈశాన్యం నుంచి పొడి చల్లగాలి ఆగకుండా దిగుతుంది. అది తూర్పుకి జారిపోయిందా, తుఫాను ఎంత బలంగా ఉన్నా తీరం దగ్గర వానే.

ఇవాళ యూరోకీ జీఎఫ్ఎస్‌కీ కేంద్రం దారిలో తేడా వంద మైళ్లు కూడా లేదు. నాలుగు రోజుల ముందు అది మామూలు తేడా. కానీ మన దగ్గర ఆ వంద మైళ్లలోనే 14 అంగుళాలూ ఉన్నాయి, 2 అంగుళాలూ ఉన్నాయి.

గోదారోడు_ఎన్‌జే

తూర్పుగాలి గారు చెప్పింది కరెక్టే. ఒకటి కలుపుతా. ఈ తుఫానుకి విత్తనమైన ఎగువ గాలుల అల ఇంకా పసిఫిక్ మీదే ఉంది. అక్కడ గాలి పొరల్ని కొలిచే వాతావరణ బెలూన్లు ఎగరేసేవాళ్లు లేరు. గురువారం రాత్రికి కాలిఫోర్నియా తీరం దాటి నేల మీదికి వస్తుంది. అప్పుడు 00జెడ్ రన్‌లోకి, అంటే మన రాత్రి 7 గంటల కొలతలతో మోడల్ వేసే లెక్కలోకి, బెలూన్ కొలతలు ఎక్కుతాయి. శుక్రవారం పొద్దుటికల్లా మోడళ్లన్నీ ఒక దారికి వస్తాయి. అప్పటిదాకా చూడటం దండగ.

మన బంగాళాఖాతం తుఫాన్లూ ఇంతే కదా. మూడు రోజుల ముందు ఒంగోలు అంటారు, చివరికి కావలి దగ్గర దాటుతుంది. మధ్యలో ఊగిన ప్రతి గీతకీ స్కూళ్లకి సెలవిస్తే ఎలా?

287పక్కన

గోదారోడు గారూ, ప్రతి చలికాలం ఈ "బెలూన్ కొలతలు రానీ, అన్నీ తేలిపోతాయి" మాట వినబడుతుంది. సగమే నిజం. పసిఫిక్ మీద కూడా ఉపగ్రహాలు, విమానాలు బోలెడు కొలతలు ఇస్తూనే ఉంటాయి. మోడల్లోకి ఎక్కేదాంట్లో అధిక భాగం ఉపగ్రహాలదే. అల నేల మీదికి రాగానే అద్భుతం జరగదు. పొరపాటు తగ్గేది ముఖ్యంగా గడువు దగ్గరపడటం వల్ల. శుక్రవారం పొద్దున మోడళ్లు దగ్గరపడొచ్చు, పడకపోవచ్చు కూడా. ముఖ్యంగా ఇది ఒహాయో లోయలో ఒక అల్పపీడనం చచ్చి, వర్జీనియా తీరం దగ్గర ఇంకొకటి పుట్టే రకంలా ఉంది, అంటే మిల్లర్ బి. ఆ బదిలీ ఆరు గంటలు ఆలస్యమైతే మనకి స్లీట్, లేదా మధ్యలో ఏమీ పడకుండా పొడిగా ఉంటుంది. స్నో అంతా కనెక్టికట్‌కి పోతుంది. ఇలాంటివి చివరి రోజు దాకా ఏడిపిస్తాయి.

2015 జనవరి 26–27 గుర్తు చేసుకోండి. న్యూయార్క్ సిటీకి రెండడుగుల దాకా చెప్పారు. స్నో కోసం సబ్‌వేని ముందుగానే ఆపేశారు. సెంట్రల్ పార్క్‌లో పడింది 9.8 అంగుళాలు. అదే తుఫాను లాంగ్ ఐలండ్‌లో ఇస్లిప్ దగ్గర 24.9 పోసింది. రెండు చోట్లకీ మధ్య దూరం యాభై మైళ్ల లోపే. తుఫాను వచ్చింది, బలంగానే వచ్చింది. దట్టమైన పట్టీ పడమటి అంచు మాత్రం తూర్పుకి జరిగింది. ముందు రోజు యూరో గట్టిగా చెప్తుంటే, కొత్తగా 13 కిలోమీటర్లకి మార్చిన జీఎఫ్ఎస్ తక్కువ చెప్పింది. ఆ ఒక్కసారి చూసి "జీఎఫ్ఎస్సే కింగ్" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అదో సరదా.

పెరుగన్నం గారూ, మీరు చూడాల్సింది ఒక్క రన్ కాదు, ఎన్‌సెంబుల్, అంటే మొదటి కొలతల్ని కాస్త కాస్త మార్చి అదే మోడల్‌ని చాలాసార్లు నడిపిన గుంపు. ఒక్కో రన్ ఒక్కో సభ్యుడు. యూరోది 51 సభ్యులు, జీఎఫ్ఎస్‌ది 31. సగటు మ్యాప్ చూసి మోసపోకండి. 51లో 25 మంది సున్నా, 26 మంది 12 అంటే సగటు సుమారు 6 వస్తుంది. ఆ 6 ఎవరూ చెప్పని అంకె. 6 అంగుళాలు దాటే సభ్యులు ఎంత శాతమో చూపించే మ్యాప్ ఉంటుంది, అది తీయండి. పివోటల్ వెదర్ సైటులో గానీ ట్రాపికల్ టిడ్‌బిట్స్ సైటులో గానీ ఆదివారం సాయంత్రం అదే గంటకి వరసగా నాలుగు రన్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. పీడన గీతలు అన్ని రన్‌లలోనూ ఒకే పక్కకి జరుగుతుంటే అది ధోరణి. ఒకసారి ఇటు, ఒకసారి అటు అయితే ఒట్టి ఊగులాట. దాని మీద గ్రూపులో యుద్ధం అనవసరం.

నామ్ (ఇంకో అమెరికా మోడల్) మ్యాపులు ఎవరైనా పెడితే ఇవాళ చూడకండి. ఈ రాత్రి రన్ 84 గంటలకి ఆగిపోతుంది, అంటే ఆదివారం పొద్దున 7 వరకే. అసలు తుఫానే అందులో లేదు. శనివారం మాత్రం నామ్‌ని వదలొద్దు. రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులో దొంగచాటుగా దూరే వెచ్చటి పొరని అదే ముందు పట్టుకుంటుంది. 850 మిల్లీబార్ల దగ్గర (సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తు) మైనస్ 2 ఉంది కదా అని ధీమా పడితే, ఇంకా పైన 750 దగ్గర ప్లస్ 1 కూర్చుని ఉంటుంది. ఆ చిన్న పొర చాలు స్నోని స్లీట్ చేయడానికి. మ్యాప్ మీద మీ ఊరి చోట నొక్కితే సౌండింగ్, అంటే నేల నుంచి పైదాకా ఏ ఎత్తులో ఎంత వేడి ఉందో చూపే బొమ్మ వస్తుంది. ఉష్ణోగ్రత చూపే ఎర్రగీత ఎక్కడైనా సున్నా గీతని దాటి కుడికి వెళ్లిందేమో చూడండి.

పెరుగన్నం

ముగ్గురికీ థాంక్సండి. సౌండింగ్ ఇప్పుడే తీసి చూశా, కాస్త అర్థమైంది. కానీ శుక్రవారం సాయంత్రానికి కేటరర్‌కి చెప్పడానికి ఏదో ఒక గీత గీసుకోవాలి కదా? ఇంకోటి, బ్రిడ్జ్‌వాటర్‌కీ మన్రోకీ ఒకే సూచన పనికొస్తుందా?

287పక్కన

పనికిరాదు. ఆ రెండూ పాతిక మైళ్లు లేవు గానీ ఇలాంటి తుఫానులో రెండు వేర్వేరు ఊళ్ల కింద లెక్క. బ్రిడ్జ్‌వాటర్ వాచంగ్ కొండల పక్కన, 287 హైవే దగ్గర ఉంది. మన్రో తీరానికి దగ్గర, చదునైన నేల. ఆగ్నేయం గాలి వస్తే మన్రోలో మధ్యాహ్నానికి వాన, బ్రిడ్జ్‌వాటర్‌లో ఇంకా స్నో. మీ అతిథులు తడి రోడ్డు మీద బయల్దేరి స్నోలోకి వస్తారు. అందుకే హాలు ఉన్న ఊరి జిప్ కోడ్‌తోనే చూడండి.

నేషనల్ వెదర్ సర్వీస్ సైటులో ఇంకో మెలిక ఉంది. ఎడిసన్, మన్రో ఉన్న మిడిల్‌సెక్స్, బ్రిడ్జ్‌వాటర్ ఉన్న సోమర్సెట్ కౌంటీలు మౌంట్ హోలీ ఆఫీసు కింద. జెర్సీ సిటీ ఉన్న హడ్సన్, పక్కనే ఉన్న యూనియన్ న్యూయార్క్ ఆఫీసు కింద. ఒక్కోసారి రెండు ఆఫీసుల అంకెలూ సరిహద్దు దగ్గర అతకవు. చూసి కంగారు పడకండి. మీరు మౌంట్ హోలీదే చదవండి. అందులో "ఫోర్‌కాస్ట్ డిస్కషన్" అని ఉంటుంది, సాధారణంగా తెల్లవారుజామున 4 ప్రాంతంలో, మళ్లీ సాయంత్రం 4 ప్రాంతంలో కొత్తది వస్తుంది. ఎందుకు అనుమానంగా ఉన్నారో అక్కడ మామూలు వాక్యాల్లో రాస్తారు. ఏ యాప్ కంటే అదే మేలు. స్నో మీద ఇంకో పేజీలో మూడు మ్యాపులు ఉంటాయి: వాళ్లు అనుకుంటున్నది, పదిలో తొమ్మిది సార్లు కనీసం పడేది, పదిలో ఒక్కసారే అంత పడేది.

శుక్రవారం ఇలా చేయండి. యూరో మధ్యాహ్నం రన్ ఎన్‌సెంబుల్ 2 గంటలు దాటాక వస్తుంది. నాలుగుకి డిస్కషన్ వస్తుంది. అప్పటికి తుఫాను 40 గంటల దూరంలో ఉంటుంది. అప్పుడు బ్రిడ్జ్‌వాటర్‌కి "కనీసం" మ్యాప్‌లో కూడా 3, 4 అంగుళాలు ఉంటే వాయిదా వేసేయండి. "ఎక్కువలో ఎక్కువ" మ్యాప్‌లోనే 3 ఉంటే కొనసాగించండి. మధ్యలో ఉంటే, అంటే కనీసం 0, గరిష్ఠం 11 లాంటి అంకెలుంటే, అంగుళాల సంగతి వదిలేసి గంటలు చూడండి. మీకు కావలసింది పొద్దున 11 నుంచి సాయంత్రం 6 వరకు రోడ్డు ఎలా ఉంటుందనేది. రాత్రి 8కి మొదలయ్యే 10 అంగుళాలతో మీకు ఇబ్బంది లేదు, మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలై గంటకి అంగుళం చొప్పున పడే 3 అంగుళాలతోనే ఇబ్బంది. ఇంకా తేలకపోతే వెదర్ సర్వీస్ వాళ్ల వింటర్ స్టార్మ్ వాచ్ (తుఫాను రావచ్చన్న ముందస్తు హెచ్చరిక) ఉందో లేదో చూడండి. దాదాపు 50 శాతం నమ్మకం ఉంటే వాచ్ పెడతారు, 80 శాతానికి వస్తే వార్నింగ్. శుక్రవారం సాయంత్రం వాచ్ ఉంటే 180 మందిని రోడ్డెక్కించడం నాకైతే సబబు అనిపించదు.

కేటరర్‌తో శనివారం మధ్యాహ్నం దాకా గడువు అడిగి చూడండి. హెచ్‌ఆర్‌ఆర్‌ఆర్ (దగ్గరి గంటలకి వాడే అమెరికా మోడల్) 48 గంటల రన్ శనివారం పొద్దుటిది సోమవారం పొద్దుట దాకా చూపిస్తుంది. మొదలయ్యే గంట అప్పుడు చాలావరకు తెలిసిపోతుంది.

తూర్పుగాలి

కొనసాగిస్తే పార్కింగ్ సంగతి ముందే హాలు వాళ్లతో మాట్లాడండి. అంగుళాలు ఒకటే అయినా బరువు ఒకటి కాదు. అంగుళం నీరు చదరపు అడుగుకి 5.2 పౌండ్లు. 10 అంగుళాల స్నో 8:1 అయితే 1.25 అంగుళాల నీరు. 20 అడుగులకి 20 అడుగుల వాకిలి మీద అది 2,600 పౌండ్లు. అదే 10 అంగుళాలు 15:1 పొడి స్నో అయితే 1,400 లోపే. తడి స్నో అయితే చిన్న స్నోబ్లోయర్ల గొట్టం మూసుకుపోతుంది. నాలుగు అంగుళాలు పడగానే ఒకసారి తీసేయాలి, ఆగిపోయాక తీద్దాం అనుకుంటే అవదు. రాత్రికి 15 ఫారెన్‌హీట్ కిందికి పోతే మామూలు రాతి ఉప్పు పెద్దగా పనిచేయదు, కాల్షియం క్లోరైడ్ తెప్పించమనండి.

గోదారోడు_ఎన్‌జే

287పక్కన గారూ, ఉపగ్రహాల మాట ఒప్పుకుంటా. అయినా గురువారం రాత్రి 00జెడ్ మాత్రం చూడకుండా పడుకోను. జీఎఫ్ఎస్ పదిన్నరకే మొదలవుతుంది, యూరోకే ఒంటిగంట దాటుతుంది.

ఇంకో మాట. సోమవారం గ్రూపులో "మా ఇంట్లో 11, మీ ఇంట్లో 7" గొడవ ఖాయం. దానికి ముందే తెల్ల రంగు వేసిన 16 అంగుళాల చదరపు ప్లైవుడ్ ముక్క ఒకటి గోడకీ చెట్లకీ దూరంగా పెట్టుకోండి. కారు మీద, గడ్డి మీద కొలవద్దు. గడ్డి మీద కింద గాలి ఉండి ఎక్కువ చూపిస్తుంది. ఆరు గంటలకి ఒకసారి, అంగుళంలో పదో వంతు వరకు చదివి, తుడిచి మళ్లీ పెట్టాలి. గంట గంటకీ తుడిచి కూడితే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే కింది పొర పై బరువుకి కుంగే అవకాశం ఇవ్వరు కదా. 2016 జనవరి తుఫానులో నూవార్క్ విమానాశ్రయం 28.1 కొలత చెల్లకుండా పోయింది ఇలా గంట గంటకీ కొలిచినందుకే.